తగిలితే పేలే గురి: అరిజోనా ఎడారి ప్రయాణం

అరిజోనాలో తూటా తగిలితే పేలే గురుల మీద కాల్చి ఏలూరు తిరిగొచ్చాక కూడా, కుడి భుజం మీద తుపాకీ మడమ కొట్టి కమిలిన మచ్చ ఇంకా పోలేదు. అది మానిపోయేలోపే రాసేద్దామని కూర్చున్నాను.

అమెరికా వెళ్ళి గ్రాండ్ కాన్యన్ చూసొచ్చినవాళ్ళు మా వీధిలోనే నలుగురున్నారు కాబట్టి దాని జోలికి పోను. ఫీనిక్స్ పక్కన ఛాండ్లర్‌లో ఉండే మా బావకి ఆఫీసులో ఒక పెద్దాయన స్నేహం. రిటైరయ్యాక కింగ్‌మన్ దగ్గర గోల్డెన్ వ్యాలీలో స్థలం కొనుక్కుని ఉంటున్నాడు. ఏటా మార్చిలో "ఎడారికి రండి, పేల్చుడు చూద్దురుగాని" అని పిలుస్తాడట. బావ ఎప్పుడూ దాటేసేవాడు. ఈసారి నేనున్నాను, తప్పలేదు.

గురువారం, ఛాండ్లర్

అమెరికాలో తుపాకులు సూపర్‌మార్కెట్‌లో దొరుకుతాయని మనవాళ్ళు చెప్పుకుంటారు. దొరకడం నిజమే కానీ అందరికీ కాదు. విజిట్ వీసా మీద వచ్చినవాళ్ళయినా, హెచ్1బీ మీద పదేళ్ళుగా పనిచేస్తున్నవాళ్ళయినా తుపాకీ గానీ తూటా గానీ చేతపట్టడం ఫెడరల్ చట్టం కింద నేరం. కొన్ని మినహాయింపులున్నాయి. వాటిలో సులువైనది వేట లైసెన్సు. ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు జేబులో ఉంటే చాలు, జంతువు జోలికి పోనక్కర్లేదు. గ్రీన్ కార్డు ఉంటే ఈ గొడవే లేదు, కాబట్టి బావకి అక్కర్లేదు.

మన కుర్రాళ్ళు చాలామంది ఈ సంగతి తెలియక షూటింగ్ రేంజ్‌కి వెళ్ళి, తుపాకీతో ఫొటో దిగి, ఇన్‌స్టాలో పెట్టేస్తారు. "కేసు పెట్టేవాడికి సాక్ష్యం వెతుక్కునే పని కూడా ఉండదు" అన్నాడు బావ. అరిజోనా వాళ్ళు బయటివాళ్ళకి రోజువారీ లైసెన్సు కూడా ఇస్తారు, రోజుకి 20 డాలర్లు. వేటతో పాటు చేపలు పట్టుకోవడానికీ అనుమతి ఉంటుంది. ఆన్‌లైన్‌లో కట్టి, ప్రింటు తీసి పాస్‌పోర్టులో పెట్టుకున్నాను.

అక్క మాత్రం ముభావంగానే పులిహోర కలిపింది. "ఒరేయ్, చూడ్డానికెళ్తున్నావా, పేల్చడానికా?" అంది. "చూడ్డానికే అక్కా" అన్నాను. నమ్మలేదు. జంతికల డబ్బా, గోంగూర పచ్చడి సీసా, పెరుగు కూడా సర్ది, "దూరంగా నిలబడండి" అని బావకి చెప్పింది, నాకు కాదు.

శుక్రవారం, వికెన్‌బర్గ్ మీదుగా వికియప్

ఫీనిక్స్ దాటాక వికెన్‌బర్గ్ దాకా ఊళ్ళే. అక్కణ్ణుంచి 93 నంబరు రోడ్డు ఎక్కితే లోకం మారిపోతుంది. రోడ్డుకి రెండు పక్కలా జాషువా చెట్లు, చేతులు అడ్డదిడ్డంగా ఎత్తి నిలబడ్డాయి. అడవి గాడిదలు రోడ్డు దాటతాయి జాగ్రత్త అని బోర్డులు. ఒకప్పుడు బంగారు గనుల కోసం తెచ్చిన గాడిదల సంతతి ఇవి. మాకు నాలుగైదు కనిపించాయి. కారు హారన్‌కి చెవి కూడా కదపలేదు.

వికియప్ చిన్న ఊరు. పెట్రోలు బంకు, తినడానికి ఒకటి రెండు చోట్లు, అంతే. అక్కడ పీచ్ పై తిన్నాం. ముక్క ఆరు డాలర్లు, పైన ఐస్‌క్రీమ్‌కి ఇంకో డాలరున్నర. వడ్డించే ఆవిడ మా వాలకం చూసి, "షూట్‌కా?" అంది. ఆ వారాంతం ఆ ఊరికి వచ్చేవాళ్ళంతా అందుకేనట.

ఆ షూట్ పేరు బిగ్ శాండీ. పక్కనున్న బిగ్ శాండీ నది పేరే పెట్టారు. మెషిన్‌గన్లు సొంతంగా ఉన్నవాళ్ళు ఏడాదికి రెండుసార్లు, వసంతంలో ఒకసారి, శరదృతువులో ఒకసారి ఎడారిలో కలుసుకుని కాల్చుకునే జాతర. కెంటకీలో నాబ్ క్రీక్ అని ఇంతకంటే పేరున్నది ఒకటుండేది, 2021లో ఆగిపోయింది. దాంతో ఇప్పుడు ఎక్కడెక్కడివాళ్ళో ఇక్కడికొస్తున్నారు.

హైవే దిగాక ఫోన్‌లో మ్యాప్ మమ్మల్ని తిన్నగా ఎండిపోయిన వాగులోకి దింపింది. ఇసుకలో చక్రాలు సగం దిగాయి. కారు దిగి చూస్తే చుట్టూ మెస్కీట్ పొదలు, సిగ్నల్ లేదు. కాసేపటికి ఇసుకలో నడిచే మోటారు బగ్గీ వేసుకుని ఒకాయన వచ్చాడు. గడ్డం బొడ్డు దాకా ఉంది, నడుముకి పిస్టల్. బావ మొహం పాలిపోయింది. ఆయన మాత్రం మాట్లాడకుండా తాడు కట్టి కారు లాగి, "మ్యాప్ నమ్మకండి సర్, దుమ్ము నమ్మండి. దుమ్ము ఎటు లేస్తుంటే అటు పోవాలి" అన్నాడు. డబ్బివ్వబోతే టోపీ మీద వేలు పెట్టి వెళ్ళిపోయాడు. ఆ మూడు రోజులూ గమనించాను, ఆ జనంలో ప్రతి మాట చివరా సర్, మేడమ్ తగిలిస్తారు. నడుముకి ఆయుధం ఉన్నప్పుడు మర్యాద పెరుగుతుందని బావ సిద్ధాంతం.

శనివారం, బిగ్ శాండీ

కాల్చే లైను పావు మైలు పొడవుంటుంది. దానికి ఎదురుగా లోయ, లోయ అవతల కొండవాలు. ఆ వాలు మీద గురులు. పాత పీపాలు, బాయిలర్ ముక్కలు, వాటి మధ్య తగిలితే పేలేవి. చూసేవాళ్ళకి తాడు కట్టి వెనక చోటిచ్చారు. మడత కుర్చీలు, పిల్లల బండ్లు, ఐస్ పెట్టెలు. మన ఊళ్ళో తిరునాళ్ళలో కూర్చున్నట్టు కూర్చున్నారు జనం.

ఇక్కడ కాలుస్తున్న మెషిన్‌గన్లు చాలావరకు నా వయసువి, లేదా అంతకంటే పెద్దవి. 1986 మే తర్వాత తయారైన వాటిని మామూలు పౌరులు కొనకూడదని చట్టం. అంతకుముందు రిజిస్టరైనవే చేతులు మారుతుంటాయి. కొత్తవి రావు కాబట్టి ఉన్నవాటి ధర పదుల వేల డాలర్లకి ఎక్కింది. వేలిముద్రలివ్వాలి, 1934 నాటి చట్టం కింద 200 డాలర్ల పన్ను కట్టాలి, అనుమతి వచ్చేదాకా ఆగాలి. మా ముందు డెబ్బై దాటిన ఒకావిడ పూల చొక్కా వేసుకుని, ముక్కాలి పీట మీద కూర్చుని, టామీ గన్ మ్యాగజైన్లో తూటాలు ఒక్కొక్కటే బొటనవేలితో నొక్కుతోంది. ఆ తుపాకీ వాళ్ళ నాన్నదట. కాల్చేముందు కళ్ళజోడు తుడుచుకుంది. కాల్చాక కూడా తుడుచుకుంది.

ఖర్చు సంగతి వింటే మనకి గుండె ఆగుతుంది. పెద్ద ఎం2 మెషిన్‌గన్‌కి వేసే అర అంగుళం తూటా ఒక్కోటి నాలుగు డాలర్లు ఉంటుందన్నాడు పక్కాయన. అది నిమిషానికి 450కి తగ్గకుండా కాలుస్తుంది. అంటే నిమిషం సరదాకి 1800 డాలర్లు. అందుకే వాళ్ళు నిమిషం కాల్చరు. రెండు మూడు సెకన్లు కాల్చి, ఆగి, నవ్వుకుంటారు.

చెవుల గురించి ముందే హెచ్చరించారు. లోపల స్పాంజి ప్లగ్గులు, పైన మఫ్స్, రెండూ పెట్టుకోవాలి. మఫ్స్ నాకు 25 డాలర్లయ్యాయి, ఆ ప్రయాణంలో నేను పెట్టిన అన్ని ఖర్చుల్లోకీ సార్థకమైనది అదే. 140 డెసిబెల్స్ దాటిన మోత ఒక్కసారి చెవిలో పడినా వినికిడి శాశ్వతంగా దెబ్బతినొచ్చు. పెద్ద రైఫిల్ ఏదైనా ఆ గీత సులువుగా దాటుతుంది. అక్కడి ముసలాళ్ళు సగం మందికి హియరింగ్ ఎయిడ్స్ ఉన్నాయి. ఇరవైల్లో మఫ్స్ పెట్టుకోలేదని వాళ్ళే చెప్పారు.

భోజనం దగ్గర చిక్కొచ్చింది. బావ శనివారం నీచు ముట్టడు, ఏడుకొండలవాడి మొక్కు. చూస్తే క్యాంపంతా మాంసం పొగ. పన్నెండు గంటలపాటు సన్నసెగ మీద కాల్చిన బ్రిస్కెట్ ఒక పక్క, పోర్క్ వేసిన చిక్కుడు గింజల కూర ఇంకో పక్క. పక్క ట్రెయిలర్ ఆవిడ బావ పళ్ళెంలో ఉత్త కార్న్‌బ్రెడ్ చూసి, "ఆయనకి ఒంట్లో బాలేదా?" అని నన్నడిగింది. సంగతి చెప్పాను. గంట తర్వాత మాంసం తగలని చిక్కుళ్ళు వేరే గిన్నెలో వండి తెచ్చింది. గరిట కలిసిపోకుండా మూత మీద, గరిట కాడ మీద నీలం టేపు అంటించి ఉంది. బావ ఆవిడకి మా జంతికల డబ్బా మొత్తం ఇచ్చేశాడు. గోంగూర ఇవ్వబోతే నేను ఆపాను.

రాత్రి షూట్ కోసమే సగం జనం వస్తారు. చీకటి పడ్డాక ట్రేసర్ తూటాలు ఎర్రగా గీతలు గీస్తూ లోయ దాటి, రాయికి తగిలి, మళ్ళీ ఆకాశంలోకి ఎగురుతాయి. ఆ మధ్యలో ఒక తూటా పేలే గురికి తగిలిందంటే కొండవాలు మొత్తం ఒక్క క్షణం తెల్లగా కనబడుతుంది, పీపా పీపాకీ నీడ పడుతుంది, మళ్ళీ నలుపు. తర్వాత మోత వస్తుంది. అది చెవికి కాదు, పక్కటెముకలకి తెలుస్తుంది. జనం ఈలలేశారు. నేనూ వేశాను. బావ కూడా కుర్చీలోంచి లేచాడు, తర్వాత అడిగితే కాలు పట్టేసి లేచానన్నాడు.

కాసేపటికి వాలు మీద గడ్డి అంటుకుంది. లైన్ పొడుగునా "సీజ్‌ఫైర్" అని కేకలు వెళ్ళాయి. అందరూ తుపాకులు ఖాళీ చేసి వెనక్కి జరిగారు. రేంజ్ ఆఫీసర్లు ఒక్కో తుపాకీ చూసుకుంటూ నడిచారు. అంతా చూశాకే నీళ్ళ బండి లోయలోకి దిగింది. ఇరవై నిమిషాలు పట్టింది. ఒక్కడూ విసుక్కోలేదు. మన దగ్గర రైల్వే గేటు పడితేనే రెండు వైపులా రోడ్డంతా నిండిపోతుంది కదా, నాకు ఈ క్రమశిక్షణే పేలుడు కంటే వింతగా అనిపించింది.

ఆదివారం, గోల్డెన్ వ్యాలీ

పెద్దాయన స్థలం పది ఎకరాలు. ఇల్లంటే ఒక ట్రెయిలర్, షెడ్డు, నీళ్ళ ట్యాంకు. గురి పెట్టే చోట గడ్డి లేకుండా ట్రాక్టర్‌తో చెక్కేశాడు. వెనక పెద్ద మట్టికట్ట. పార, నీళ్ళ డబ్బాలు, ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ వరసగా పెట్టి, గాలి చూడ్డానికి కర్రకి రిబ్బను కట్టాడు. రిబ్బను కాస్త గట్టిగా ఎగిరినా పని మానేసి కాఫీ తాగుదామంటాడు. అలా పొద్దున్నే రెండు కప్పులయ్యాయి.

పేలే గురులంటే కొట్లో దొరికే ప్లాస్టిక్ డబ్బాలు. టానరైట్ అన్నది ఒక కంపెనీ బ్రాండు. 1990ల్లో ఒరెగాన్‌లో మొదలైంది. ఇప్పుడు ఎవరి డబ్బానైనా జనం ఆ పేరుతోనే పిలుస్తారు. రెండు పొడులు విడివిడిగా అమ్ముతారు. అమోనియం నైట్రేట్ రకానిది ఒకటి, అల్యూమినియం పొడి ఇంకొకటి. విడిగా ఉన్నంతసేపూ చట్టం దృష్టిలో అవి పేలుడు పదార్థం కావు. సొంతానికి, అక్కడికక్కడే కలిపి కాల్చుకుంటే ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు. కలిపాక బండిలో వేసుకుని తిరిగినా, దాచుకున్నా పేలుడు పదార్థాల చట్టాలన్నీ మీద పడతాయి. మన దేశంలో 2012 నుంచి అమోనియం నైట్రేట్‌కే వేరే నిబంధనలున్నాయి, లైసెన్సు లేకుండా బస్తా కదలదు. 2020లో బేరూత్ రేవును ఊడ్చేసింది ఇదే సరుకు, 2750 టన్నులు. అలాంటి దాని డబ్బాని అట్టపెట్టెలో, పిల్లల క్రికెట్ బంతుల పక్కన చూసి నాకు చెమటలు పట్టాయి.

నా భయానికి కారణముంది. 2024 దీపావళి రోజు మా ఏలూరు తూర్పు వీధిలో స్కూటర్ మీద ఉల్లిపాయ బాంబులు తీసుకెళ్తుంటే బండి గుంతలో పడి, సంచి మొత్తం పేలిపోయింది. ఒకరు చనిపోయారు, ఆరుగురు గాయపడ్డారు. ఒక్క కుదుపు చాలింది. అది చెబితే పెద్దాయన చాలాసేపు తలూపాడు. ఇది అలా కాదన్నాడు. కింద పడేసినా, సుత్తితో కొట్టినా, నిప్పు తగిలించినా పేలదట. చిన్న .22 తూటాకీ పేలదు, రైఫిల్ నుంచి వచ్చే వేగమైన తూటాయే కావాలి. "అందుకే జనం దీన్ని బొమ్మ అనుకుంటారు, చచ్చేది అక్కడే" అని, కూర్చోబెట్టి చెప్పడం మొదలెట్టాడు.

2016లో జార్జియాలో ఒకతను పాత గడ్డి కోసే మెషిన్లో ఈ పొడి కూరి, దాని మీద కాల్చాడు. మెషిన్ ముక్కొకటి ఎగిరొచ్చి ఎడమ కాలు మోకాలి కింద తెగిపోయింది. స్నేహితులు తీసిన వీడియో లోకమంతా చూసింది. పొడి తనంతట తాను ముక్కలేమీ విసరదు. ఇనుములో కూరితే ఆ ఇనుమంతా తూటాలైపోతుంది. ఫ్రిజ్‌లు, కార్లు, మైక్రోవేవ్‌లు పేల్చే వీడియోలు చూసి మన పిల్లలు చప్పట్లు కొడతారు కదా, అవన్నీ ఆ బాపతే. ఈ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు. మట్టి మీద పెట్టి దూరం నుంచి కాల్చడం సరదా, ఏదో ఒక వస్తువులో దాచి కాల్చడం మూర్ఖత్వం.

పెద్దాయన చిన్న డబ్బా ఒక్కటే కలిపాడు. పెద్దవి ఎందుకు వద్దని అడిగితే, "పొరుగావిడ గుర్రాలు బెదురుతాయి" అన్నాడు. ముందురోజే ఆవిడకి ఫోన్ చేసి టైమ్ కూడా చెప్పాడట. డబ్బా పట్టుకుని గురి దగ్గరికి తనొక్కడే వెళ్ళాడు. మమ్మల్ని రానివ్వలేదు.

నూరు గజాలు. చెక్క బల్ల, దాని మీద ఇసుక సంచి, సంచి మీద .308 రైఫిల్. ఛాతీ బల్లకి ఆనించి, చెంప కర్రకి ఆనించాను. టెలిస్కోపులో డబ్బా మీది నారింజ రంగు చీటీ గుండెతో పాటు ఎగిరెగిరి పడుతోంది. "ఊపిరి సగం వదిలి ఆపు. ట్రిగ్గర్ లాగకు, నొక్కు. ఎప్పుడు పేలిందో నీకే తెలియకూడదు" అన్నాడు వెనక నుంచి. మొదటి తూటాలు మట్టి లేపాయి. మడమ భుజాన్ని గుద్దింది. బావ, "ఎడమకి పోతోంది" అని దుర్భిణీలోంచి చెబుతున్నాడు, శనివారం దాటింది కాబట్టి ఒక చేత్తో బ్రిస్కెట్ శాండ్‌విచ్.

తర్వాత తగిలింది. చీటీ మాయమైంది. దాని చోట తెల్లటి పొగబంతి, నేలంతా ఒక గుండ్రటి దుమ్ము అల. అది చూశాక, కనురెప్ప వేసేంత ఆలస్యంతో ఛాతీ మీద తోపు. బల్ల కాళ్ళు కదిలాయి. నవ్వొచ్చింది. ఎందుకో తెలియదు, ఆపుకోలేకపోయాను. యాభై దాటిన మనిషిని, వరండాలో తాటాకు టపాకాయ కాల్చిన ఏడేళ్ళవాడిలా నవ్వాను. ఇంకోటి పెట్టమని అడగబోయాను. ఆ కోరికే ప్రమాదమని తెలుస్తూనే ఉంది, అయినా అడిగాను. పెద్దాయన రిబ్బను చూసి, తల అడ్డంగా ఊపాడు. గాలి లేచింది. పార తీసుకుని వెళ్ళి, పేలిన చోట చుట్టూ పావుగంట కెలికాడు. ఎక్కడా వేడి లేదని చేత్తో ముట్టుకుని చూసుకున్నాకే మధ్యాహ్నం భోజనం. పులిహోర ఆయనకి ఎంత నచ్చిందంటే వేరుశనగలు ఏరుకుని చివరికి తిన్నాడు.

ఆదివారం సాయంత్రం, కింగ్‌మన్

రూట్ 66 అనే పేరుమోసిన పాత హైవే కోసం కింగ్‌మన్ వస్తారు అందరూ. మేము ఫైర్‌మెన్ స్మారక పార్కు చూద్దామని పెద్దాయన మాట మీద వెళ్ళాం. 1973 జులై 5న ఇక్కడ రైలు ట్యాంకర్ నుంచి ప్రొపేన్ దింపుతుంటే లీకై అంటుకుంది. ఫైర్‌మెన్ ట్యాంకరు మీద నీళ్ళు కొట్టి చల్లార్చే ఏర్పాట్లలో ఉండగానే అది పేలింది. 11 మంది ఫైర్‌మెన్, ఒక గ్యాస్ ఉద్యోగి పోయారు. చాలామంది జీతం లేని వాలంటీర్లే. రోడ్డు మీద నిలబడి చూస్తున్నవాళ్ళు 90 మందికి పైగా కాలారు. వాళ్ళున్నది దాదాపు వెయ్యి అడుగుల దూరంలో. దూరంగానే ఉన్నామనుకుని ఉంటారు.

ఇదే 93 రోడ్డు మీద ఇంకా పైకి పోతే వైట్ హిల్స్. అక్కడి రేంజ్‌లో 2014 ఆగస్టులో 9 ఏళ్ళ పాప చేతిలో ఉజీ అనే చిన్న మెషిన్‌గన్ అదుపు తప్పి, నేర్పిస్తున్న ఇన్‌స్ట్రక్టర్ ప్రాణం తీసింది. బావ కొడుక్కి పదేళ్ళు. వచ్చే ఏడు వాణ్ణి కూడా తీసుకొద్దామని పొద్దున్న అన్న బావ, ఆ తర్వాత ఆ మాట ఎత్తలేదు.

మంగళవారం, గ్రీన్ వ్యాలీ నుంచి ఎంపైర్ రాంచ్

సోమవారమంతా కారే, చెప్పుకోడానికేం లేదు. టూసాన్‌లో రాత్రి సొనోరన్ హాట్‌డాగ్ ఒకటే గుర్తుంది. బేకన్ చుట్టి, చిక్కుళ్ళు, ఉల్లిపాయ, పచ్చిమిరప సాస్ వేసి, మెత్తటి రొట్టెలో కుక్కి ఇస్తారు. ఐదు డాలర్లకి పొట్ట నిండింది. పక్కన కాల్చిన మిరపకాయ పెట్టారు, అది బావ తినలేకపోయాడు. పదిహేనేళ్ళ అమెరికా మనిషిని ఏం చేస్తుందో చూడండి.

గ్రీన్ వ్యాలీ రిటైరైనవాళ్ళ ఊరు. పక్కనే సహువరీటాలో మైళ్ళ కొద్దీ పీకాన్ తోటలు. ఒక పౌండు పప్పు 12 డాలర్లు పెట్టి కొన్నాను, మన అక్రోటుకి తీపి కలిపినట్టుంటుంది. అక్కణ్ణుంచి బాక్స్ కాన్యన్ మట్టి రోడ్డు పట్టుకుని శాంటా రీటా కొండలు దాటాం. ఒకోటీయో అనే ఎడారి ముళ్ళపొదల కర్రల చివర ఎర్రపూలు పట్టాయి. పచ్చగడ్డి మధ్య మెస్కీట్ మానులు కొన్ని నల్లగా మిగిలాయి, వేళ్ళ దగ్గర కొత్త చిగుళ్ళు.

2017 ఏప్రిల్ 23న ఈ కొండల కింద, గ్రీన్ వ్యాలీ వైపు గడ్డి మైదానంలో ఒక కుటుంబం పుట్టబోయేది బాబా పాపా అని బయటపెట్టే వేడుక చేసుకుంది. గురి మీద ఒక పక్క బాయ్ అని, ఇంకో పక్క గర్ల్ అని రాసి, లోపల పేలే పొడితో పాటు రంగు పొడి పెట్టారు. కాబోయే తండ్రి బోర్డర్ పెట్రోల్‌లో, అంటే సరిహద్దు గస్తీలో ఉద్యోగి, ఆరోజు డ్యూటీలో లేడు. రైఫిల్‌తో కాల్చాడు. నీలం పొగ లేచింది. దాంతోపాటే గడ్డి అంటుకుంది. ఆరోజు గాలి గంటకి 40 మైళ్ళ దాకా వీస్తుందని, అగ్గి ప్రమాదముందని వాతావరణ శాఖ ముందే చెప్పింది. ఫారెస్ట్ సర్వీస్ తర్వాత విడుదల చేసిన వీడియోలో, సర్దేయండి సర్దేయండి అని ఎవరో అరవడం వినిపిస్తుంది. అంతే, ఒక నిమిషం కూడా లేదు.

ఆ మంట పేరు సామిల్ ఫైర్. దాదాపు 47,000 ఎకరాలు. మా కొల్లేరు అభయారణ్యంలో సగానికి పైగా అనుకోండి. కొండ ఎక్కి, దిగి, 83 నంబరు రోడ్డు దాటి లాస్ సియెనెగాస్ గడ్డినేలలోకి వచ్చింది. 1870ల నాటి మట్టి ఇటుకల ఇల్లున్న ఎంపైర్ రాంచ్ అనే పాత పశువుల క్షేత్రానికి కూడా ముప్పు తెచ్చింది. సుమారు 800 మంది ఆర్పారు, ఖర్చు 82 లక్షల డాలర్లు. ఆ తండ్రి పారిపోలేదు, వెంటనే తనే అధికారులకి చెప్పాడు. 2018లో నేరం ఒప్పుకున్నాడు. జైలు బదులు ఐదేళ్ళ ప్రొబేషన్ నిఘా, 81 లక్షల డాలర్లకు పైగా నష్టపరిహారం పడింది. ముందు లక్ష కట్టి, మిగతాది నెలనెలా.

బావకి అతని మీద కోపం, నాకు అంత రాలేదు. నిప్పు పెట్టాలని చేసింది కాదు, అంతమంది చుట్టాలు చుట్టూ ఉన్నారు, ఒక్కరైనా గాలి సంగతి ఎత్తలేదా అన్నదే నా బాధ. గోల్డెన్ వ్యాలీ పెద్దాయన రిబ్బను ఖరీదు అర డాలరుండదు. ఇలాంటివి కొత్తేం కాదు కూడా. 2012 మొదలు 2013 వేసవి లోపు పశ్చిమ రాష్ట్రాల్లో కనీసం 16 అడవి మంటలు పేలే గురుల వల్లే వచ్చాయని, ఆర్పడానికి 3.3 కోట్ల డాలర్లు మించి అయిందని ఫారెస్ట్ సర్వీస్ అప్పుడే లెక్క చెప్పి, కొలరాడో వైపు అడవుల్లో వాటిని నిషేధించింది. నాలుగేళ్ళ తర్వాత ఇది.

ఎంపైర్ రాంచ్ దగ్గర గేటు బయట ఒక వాలంటీరు ముసలాయన నీళ్ళిచ్చాడు. గడ్డి మళ్ళీ బాగానే వచ్చిందని, గడ్డికి మంట కొత్త కాదని, కొండ మీద చెట్లకే ఎక్కువ కాలం పడుతుందని చెప్పాడు. దూరంగా జింకల్లాంటి ప్రాంగ్‌హార్న్‌లు మేస్తున్నాయి. ఎక్కణ్ణుంచి వచ్చారని అడిగితే బిగ్ శాండీ నుంచని చెప్పాం. ఆయన మొహంలో ఏమీ మారలేదు, మా కారు వెనక సీట్లో మఫ్స్ వైపు మాత్రం ఒకసారి చూశాడు.

బుధవారం, మళ్ళీ ఛాండ్లర్

అక్క బట్టలన్నీ గ్యారేజీలోనే విప్పించింది. పేలుడు పొడి తగిలిన చేతులతో, బట్టలతో ఎయిర్‌పోర్టుకెళ్తే అక్కడ బట్టముక్కతో తుడిచి మెషిన్లో పెట్టినప్పుడు గుర్తుపడుతుందని ఎవరో చెప్పారట. అది నిజమే, అలాంటి ఆనవాళ్ళు పట్టడానికే ఆ మెషిన్లున్నాయి. బట్టలు రెండుసార్లు ఉతికింది, బ్యాగు కూడా తుడిచింది. బూట్లు మాత్రం ఎంత కడిగినా నమ్మకం కుదరక, ఇక్కడే వదిలెయ్యమంది.

కాబట్టి అవుట్‌లెట్‌లో 60 డాలర్లు పెట్టి కొత్తవి కొన్నాను. ఎయిర్‌పోర్టులో నా చేతులు తుడిచారు కూడా, మెషిన్ పచ్చలైటు చూపించింది. ఆ 60 డాలర్లు ఈ ప్రయాణం ఖర్చులోనే రాశాను. పాత బూట్లు బావకి సరిగ్గా సరిపోయాయట, నిన్న ఫోన్లో చెప్పాడు. అక్క పక్క నుంచి, "వాటితో ఎయిర్‌పోర్టుకి మాత్రం రావద్దని చెప్పు" అని అరుస్తోంది.